అమ్మ కోసం పసుపు టీ: నాలుగు వారాల ప్రాజెక్టు డైరీ

జనవరి 19

సంక్రాంతికి ఊరెళ్లి, వచ్చేటప్పుడు అమ్మను కూడా విజయవాడ తీసుకొచ్చాను. నెల రోజులు మా దగ్గరే ఉంటుంది. మేముండేది రెండో అంతస్తు. మెట్లెక్కుతూ అమ్మ రెండు చోట్ల ఆగి, గోడ పట్టుకుని నిలబడింది. "ఏం లేదురా, ఊపిరి తీసుకుంటున్నా" అంది కానీ చెయ్యి మోకాలి మీదే ఉంది.

పసుపు టీ తాగితే నెలలో మోకాళ్ల నొప్పులు మాయం అని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట. "పోనీ చేసి చూడరా" అని అడిగింది. పసుపు పాలు ఇద్దామంటే అమ్మకు పాలు పడవు, కడుపు ఉబ్బరం. అందుకే టీ. చేసేదేదో పద్ధతిగా చేద్దామని ఈ డైరీ మొదలుపెట్టాను. ముందు తాగబుద్ధయ్యేలా ఉండాలి. కప్పులో ఎంత పసుపు పడుతోందో నాకు తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ వేసుకునే మందులకు అడ్డు రాకూడదు. మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు రోజూ వేసుకుంటుంది.

సాయంత్రం మొదటి ప్రయత్నం. పావు లీటరు నీళ్లు, టీ స్పూను నిండా పసుపు, అయిదు నిమిషాల మరుగు, దించాక కాస్త తేనె. అమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది. నేనూ తాగి చూశాను. పచ్చి వాసన, నాలుక మీద మట్టిలా పొడి, చివర్లో చేదు. గ్లాసు అడుగున వేలెడు మడ్డి. అమ్మ తిట్టలేదు. "చారులో ఇంత పసుపు ఎవరన్నా వేస్తారా?" అని మాత్రం అడిగింది. రేపటి పనికి ఆ ఒక్క మాట చాలు.

జనవరి 20

వంటింట్లోకి చిన్న డిజిటల్ కాటా వచ్చింది. నిన్న నేను వేసిన స్పూను తూచితే 3 గ్రాములు. చారు కాచేటప్పుడు అమ్మ ఎంత వేస్తుందో చూద్దామని చిటికెడు వేయమంటే, "వంట చేసే చేతిని తూస్తారుట్రా" అంటూనే వేసింది. అది అర గ్రాము కూడా లేదు. అంటే చారుకి వేసే దానికి నేను ఆరు రెట్లు వేశాను.

ఇవాళ ఒకటిన్నర గ్రాములకు తగ్గించాను. చేదు చాలా వరకు పోయింది, మడ్డి మాత్రం పోలేదు. టీ వడపోతలోంచి పసుపు దిగిపోతుంది. పలచటి నూలు గుడ్డలో వడకడితే బాగానే ఉంది కానీ గుడ్డ ఇక దేనికీ పనికిరాదు. చివరికి అమ్మే దారి చూపించింది. దించి మూత పెట్టి, అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మెల్లగా వంచుకోవడం. అంతే. చింతపండు రసం, కుంకుడు రసం తేర్చుకునే ఇంట్లో నాకు ఈ సంగతి తట్టకపోవడం ఆశ్చర్యమే.

జనవరి 22

మిరియాల సంగతి ఇవాళ చదివాను. పసుపుకి ఆ రంగునిచ్చేది కర్క్యుమిన్ అనే పదార్థం. అది నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. లోపలికి వెళ్లినది కూడా ఒంటికి పట్టేది చాలా తక్కువ. కాలేయం, పేగులు వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పిపరిన్ ఇచ్చి చూశారు. రక్తంలో కర్క్యుమిన్ చేరిక 20 రెట్లు పెరిగింది. ఇప్పుడు పసుపు పేరుతో ఎక్కడ ఏం రాసినా కనిపించే "2000 శాతం" ఆ పరిశోధనలోదే. మిరియానికి ఘాటు ఇచ్చేది ఈ పిపరినే. మిరియం బరువులో అది దాదాపు 5 శాతం అనుకుంటే, 20 మిల్లీగ్రాములకు ఎనిమిది, పది మిరియాలు కావాలి.

పది మిరియాలు వేస్తే అమ్మ గొంతు మండింది. నాలుగుకి తగ్గించాను. మిల్లు పట్టించిన మిరియాల పొడి వద్దు, అప్పటికప్పుడు రోట్లో కచ్చాపచ్చాగా దంచితేనే ఆ వాసన. అర అంగుళం అల్లం కూడా చితక్కొట్టి వేశాను. టీ రుచి మొదటిసారి ఒక తీరుకొచ్చింది. అమ్మ పూర్తిగా తాగి, "ఇది మిరియాల చారేరా, చింతపండూ పోపూ లేవంతే" అంది.

ఆ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. మిరియాల చారులో పసుపు ఉంది, మిరియాలున్నాయి, నేతి పోపు ఉంది. కర్క్యుమిన్ ఒంటికి పట్టడానికి ఏమేం కావాలంటున్నారో అన్నీ ఆ గిన్నెలో ఎప్పటినుంచో ఉన్నాయి. జలుబు చేసిన రోజు అమ్మ ఏ పుస్తకమూ చూసి చారు కాచలేదు.

జనవరి 24

నెయ్యి ప్రయోగం. ముందు కాగిన టీలో పావు స్పూను నెయ్యి వేశాను. పైన గుండ్రంగా కళ్లలా తేలింది, రుచిలో మార్పేమీ లేదు. తర్వాత పద్ధతి మార్చి, గిన్నెలో నెయ్యి కరిగించి, సన్నని సెగ మీద పసుపు వేసి, వాసన మారగానే నీళ్లు పోశాను. తేడా తెలిసింది. పచ్చి వాసన పూర్తిగా పోయింది, రంగు కూడా ముదిరింది.

రెండో విడతకు ఫోను మోగింది, అటు తిరిగాను. పది సెకన్లు కూడా కాలేదు, పసుపు గోధుమ రంగులోకి వెళ్లి మాడు వాసన వచ్చింది. ఆ కప్పు పారబోశాను. పసుపు వేయించేటప్పుడు నీళ్ల గ్లాసు రెండో చేతిలో సిద్ధంగా ఉండాలి.

కొంచెం చల్లారాక ఇంకో ఇబ్బంది బయటపడింది, పెదవులకు జిడ్డు అంటుకుంటోంది. అమ్మ మెల్లగా తాగే మనిషి, ఆమెకు ఇది కుదరదు. నెయ్యి మానేసి, సాయంత్రం టిఫిను తిన్న వెంటనే టీ ఇవ్వాలని నిర్ణయించాను. దోసెలో నూనె, చట్నీలో వేరుశనగపప్పు ఎలాగూ ఉన్నాయి. కొవ్వు కప్పులో ఉన్నా కడుపులో ఉన్నా ఒకటే కదా.

జనవరి 26

సెలవు. ఇంట్లో పసుపు అయిపోవస్తోందని వీధి చివర కొట్లో విడిగా అమ్మే పొడి వంద గ్రాములు తెచ్చాను. రంగు చూడగానే అనుమానం వచ్చింది, మరీ కళ్లకు కొట్టే పసుపు. దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు ఇళ్లలో చేసుకోమని చెప్పిన తేలిక పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి అర స్పూను పొడి పైన వేసి వదిలేయాలి. మంచి పసుపు అడుగుకు దిగుతుంది, నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. రంగు కలిపితే నీళ్లు చిక్కటి పసుపుకి తిరుగుతాయి.

రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాను. ఊరి నుంచి తెచ్చిన మా పొడి పది నిమిషాల్లో అడుగున కూర్చుంది, పైన నీళ్లలోంచి కిటికీ చువ్వలు కనిపిస్తున్నాయి. రెండో గ్లాసులోంచి ఏమీ కనిపించలేదు. గ్లాసు పరీక్షతో అందులో ఏం కలిసిందో తేలదు, కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను. కానీ ఆ పొట్లం మాత్రం పారేశాను. పసుపుకి మెరుపు రావడానికి కలిపే వాటిలో లెడ్ క్రోమేట్ అని ఒకటుంది, అందులో సీసం ఉంటుంది. బంగ్లాదేశ్ పసుపులో అది కలుస్తోందని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. ఆరోగ్యం కోసమని రోజూ తాగే దాంట్లో అలాంటి అనుమానానికి చోటివ్వకూడదు. వీలైనవాళ్లు కొమ్ములు కొని ఎదురుగా మిల్లు పట్టించుకోండి, ఇది గట్టిగా చెబుతున్నాను.

జనవరి 29

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి. ఎదురింటి ఆంటీ మంచి మనసుతో ఒక సీసా తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. "వదినగారూ, టీలు ఎన్నాళ్లు తాగుతారు, ఇది రోజుకి రెండు వేసుకోండి" అన్నారు. పసుపు క్యాప్సూళ్లు. ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్, పైగా పిపరిన్. అమ్మ మూత కూడా తీసింది. నేను ఆఫీసు నుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఒకటి వేసేసుకునేది.

కాగితం మీద లెక్క వేశాను. మామూలు పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. రకాన్ని బట్టి 2 నుంచి 5 దాకా ఉంటుంది, మేఘాలయ లకడాంగ్ పసుపులో అయితే 7 శాతం దాటుతుంది. మా కప్పులో ఒకటిన్నర గ్రాములు, అంటే 45 మిల్లీగ్రాములు. అడుగున మడ్డిలో వదిలేసేది తీసేస్తే ఇంకా తక్కువ. ఆ సీసాలోని ఒక్క క్యాప్సూలు మా టీ పదకొండు కప్పులతో సమానం.

అమ్మకు స్టెంట్ వేసిన డాక్టరుగారికి ఫోను చేశాను. వంటలో వాడేంత, రోజుకో కప్పు టీ, పరవాలేదన్నారు. క్యాప్సూళ్లు మాత్రం వద్దని ఖండితంగా చెప్పారు. ఎక్కువ మోతాదులో కర్క్యుమిన్‌ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు, అమ్మ మాత్రలు చేసే పనీ అదే. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు. పిపరిన్ పసుపుని ఒక్కదాన్నే ఒంటికి పట్టించదు, కొన్ని మందులను కూడా రక్తంలోకి ఎక్కువగా పంపుతుంది. ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా వెంటనే రమ్మన్నారు.

తర్వాత కూర్చుని మిగతా జాగ్రత్తలు కూడా చదివాను. పసుపులో ఆక్సలేట్ ఎక్కువ, కిడ్నీ రాళ్ల బాధ ఉన్నవాళ్లు రోజూ తాగాలనుకుంటే డాక్టరుని అడగాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లూ అంతే, ఎందుకంటే కర్క్యుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. పసుపు సప్లిమెంట్లు వేసుకుని కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి అమెరికాలో వైద్యులు నమోదు చేశారు, ఆ సప్లిమెంట్లలో కొన్నింటిలో పిపరిన్ కలిసి ఉంది. కూరలో పసుపు తిని ఇలా అయినట్టు నేనెక్కడా చదవలేదు. మోతాదు మారితే వస్తువే మారిపోతుంది.

సీసా తిరిగి ఇచ్చేస్తూ ఆంటీకి ఇదంతా చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. తనకూ బీపీ మాత్రలున్నాయని, ఆ సీసా తన డాక్టరుకి చూపిస్తానని అన్నారు.

ఫిబ్రవరి 1

మావయ్య ఊరి నుంచి పచ్చి పసుపు పంపాడు. మాది దుగ్గిరాల దగ్గర పల్లె. ఇప్పుడు తవ్వకాలు జరుగుతున్నాయి. సంచి విప్పగానే ఇల్లంతా ఆ వాసన, తడి మట్టి, మామిడల్లం, కాస్త క్యారెట్ కలిసినట్టు. కొమ్ము విరిస్తే లోపల ముదురు నారింజ రంగు, అంచున లేత వలయం, చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు.

పచ్చి పసుపుని ఉడకబెట్టి రెండు వారాలు ఎండబెడితే బరువు దాదాపు అయిదో వంతుకి దిగిపోతుంది. ఆ లెక్కన ఒకటిన్నర గ్రాముల పొడికి బదులు ఏడెనిమిది గ్రాముల పచ్చిది వేయాలి. తురిమి, అల్లం, మిరియాలతో ఎనిమిది నిమిషాలు సన్నని సెగన మరిగించాను. మడ్డి లేదు, చేదు లేదు. ఇన్ని రోజుల్లో ఇదే మంచి కప్పు. అమ్మ రెండోసారి అడిగింది. డాక్టరుగారు ఒకటే అన్నారని గుర్తుచేస్తే ఊరుకుంది.

తురుముతుంటే వేలు గీసుకుపోయింది. నేను బ్యాండేజీ వెతికేలోపు అమ్మ అదే తురుము అద్దింది. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికా పేటెంటు ఇచ్చింది, మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికా వ్యాసాలు ముందు పెట్టి పోరాడితే 1997లో రద్దు చేశారు. ఈ కథ చెబితే అమ్మ నమ్మలేకపోయింది. "పసుపద్దడానికి ఒకళ్లని అడగాలా?" అంది.

ఫిబ్రవరి 4

మొన్న కప్పు ఒలికింది. అమ్మ లేత గంధం రంగు వాయిల్ చీర కుచ్చిళ్ల మీద అరచేతి మేర పసుపు. నేను పరుగెత్తి సబ్బు రుద్దాను. రుద్దిన చోటల్లా మరక ఎర్రగా, పారాణి పెట్టినట్టు తిరిగిపోయింది. గుండె గుభేలుమంది. ఆ చీర నాన్న కొన్నది.

అమ్మ కంగారు పడలేదు. నీళ్లలో బాగా జాడించి, "ఎండలో వెయ్యి" అంది. ఎరుపు జాడింపులోనే పోయి మళ్లీ పసుపయింది. డాబా మీద మొదటి సాయంత్రానికి సగం, రెండో సాయంత్రానికి మొత్తం పోయింది. ఎంత వెతికినా మరక జాడ లేదు.

కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సబ్బు క్షారమే, సున్నమూ క్షారమే. దిష్టి తీసే ఎర్రనీళ్లు, పసుపుతో చేసే కుంకుమ, అన్నిటి వెనకా ఇదే రసాయనం. ఎండ తగిలితే కర్క్యుమిన్ విడిపోతుంది, రంగు పోతుంది. అప్పుడు గుర్తొచ్చింది, నా పసుపు గాజు సీసాలో, ఎండ పడే కిటికీ దగ్గర ఉంది. వెంటనే తీసి స్టీలు డబ్బాలో పోశాను. అమ్మ పోపుల పెట్టె ఎప్పుడూ స్టీలుదే.

టీలో వంటసోడా లాంటిది ఏదీ వేయొద్దు. నిమ్మరసం పిండితే రంగు తేటగా లేత పసుపుకి వస్తుంది, అదీ దించాకే. బెల్లం వేస్తే రుచి బాగుంది కానీ అమ్మకు చక్కెర అంచుల్లో ఉంది, అందుకని వేయడం లేదు.

ఫిబ్రవరి 9

మూడు వారాలు. ఇవాళ అమ్మ మోకాళ్ల గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పసుపు మీద పనికొచ్చే పరిశోధనలు లేకపోలేదు. 2014లో థాయిలాండ్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్న 367 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, ఇంకో జట్టుకి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు నాలుగు వారాలు ఇచ్చారు. నొప్పి తగ్గడంలో పసుపు వెనకబడలేదు, కడుపులో బాధ కూడా తక్కువే. కానీ అది సారం. అంత కర్క్యుమిన్ టీలో రావాలంటే రోజుకి కనీసం పాతిక కప్పులు తాగాలి. ఇంకో వైపు, 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన వందకు పైగా క్లినికల్ ట్రయల్సును పరిశీలించి, కర్క్యుమిన్ ఫలానా జబ్బుకి మందు అని గట్టిగా రుజువైంది ఒక్కటీ లేదని రాశారు.

కాబట్టి అమ్మ మోకాళ్లను కప్పు మీద వదిలేయలేదు. రెండో వారం నుంచి ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టడం, తొడ కండరం బిగించి వదలడం, రోజుకి రెండు పూటలు. నిన్న మెట్ల మీద అమ్మ ఒక్కసారే ఆగింది. అది వ్యాయామం వల్ల, టీ వల్ల కాదని నేననుకుంటున్నాను. అమ్మ మాత్రం రెండూ అంటుంది.

టీ వల్ల కచ్చితంగా మారినవి రెండు. సాయంత్రం రెండు స్పూన్ల పంచదారతో డికాక్షను టీ తాగే అలవాటు పోయింది, ఆ వేళకి ఇదే తాగుతోంది. పొద్దున లేవగానే గొంతులో ఉండే గరగర వేడి వేడి అల్లం, మిరియాల ఘాటుకి సర్దుకుంటోంది. ఇవి రెండూ నా కళ్లతో చూస్తున్నాను, నాకు చాలు. మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదు.

ఫిబ్రవరి 14

తేలిన కొలత ఇది. ఒక కప్పుకి ఒకటింపావు కప్పు నీళ్లు. నీళ్లు కాగుతుండగానే చితక్కొట్టిన అర అంగుళం అల్లం, అప్పుడే దంచిన నాలుగు మిరియాలు, ఒకటిన్నర గ్రాముల పసుపు పొడి లేదా తురిమిన పచ్చి కొమ్ము ఏడెనిమిది గ్రాములు. పొంగు వచ్చాక సెగ తగ్గించి ఎనిమిది నిమిషాలు. దించి మూత పెట్టి అయిదు నిమిషాలు తేరనివ్వాలి. తేట వంచుకుని, వేడి కాస్త తగ్గాక నాలుగు చుక్కల నిమ్మరసం. ఏదైనా తిన్న తర్వాతే తాగాలి. ఒట్టి కడుపున తాగిన రెండు రోజులూ నాకు గుండెల్లో మంట వచ్చింది.

ఫిబ్రవరి 16

రేపు అమ్మ ఊరికి వెళ్తుంది. ఈ కొలతలన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివి తిరిగిచ్చేసింది. "గ్రాములు నాకెందుకురా, చిటికెల్లో చెప్పు" అంది.

కాటా తెచ్చి ముందు పెట్టాను. అమ్మ మూడు వేళ్లతో పసుపు తీసి వేసింది. 0.5. తుడిచి మళ్లీ వేయమన్నాను. 0.5. మూడోసారి 0.4, నాలుగోసారి 0.5. పసుపంటిన వేళ్లు కొంగుకి తుడుచుకుంటూ, "ఎంతొచ్చింది?" అని అడిగింది.

కాగితం మీద "ఒకటిన్నర గ్రాములు" కొట్టేసి "మూడు చిటికెలు" అని రాశాను. మిగతావి అమ్మే చెప్పింది, నేను రాసుకున్నాను. నీళ్లు ఇత్తడి చెంబుకి సగం. అల్లం బొటనవేలి గోరంత. ఎనిమిది నిమిషాలకి బదులు, పక్క పొయ్యి మీద పప్పు మూడు కూతలు వేసేదాకా.